దొరగారు బట్టలు ఉతుక్కున్న ఏడాది

గొలుగొండ దాటాక ఒక చిన్న ఊరి చర్చిలో సేవ చేయడానికి విదేశం నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఏడాది ఉంటారని, వాళ్ళ ఇంగ్లీషును ఊరివాళ్ళకు తెలుగు చేసి చెప్పాలని నన్ను పెట్టారు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివి నర్సీపట్నంలో ఇంట్లో కూర్చున్న నాకు అదే మొదటి ఉద్యోగం. నేను నోరు విప్పకపోతే ఆ ఊళ్ళో దేవుడి మాట కూడా ఎవరికీ చేరదన్నంత గర్వంగా రోజూ ఆటో దిగేదాన్ని.

వాళ్ళు రాకముందే పాస్టరుగారు చర్చి వెనక గదికి సున్నం వేయించారు. నీళ్ళు మోయడానికి, గిన్నెలు తోమడానికి, బట్టలు ఉతకడానికి పక్కింటి మామ్మను మాట్లాడి ఉంచారు. మొగుడు పోయాక మామ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. ఆ పిక్కల పెంకులోంచి కారే రసానికి వేళ్ళు పుండ్లు పడి మానేసింది. ఈ పని దొరికాక రెండు పూటలా పొయ్యి వెలుగుతుందని ఊరంతా చెప్పుకుంది.

మూడో రోజే దొరగారు నన్ను పిలిచి, తాము సేవ చేయడానికి వచ్చామే గాని చేయించుకోవడానికి కాదన్నారు. సాటి మనిషి చేత బట్టలు ఉతికించుకోవడం తమకు సిగ్గట. రేపటినుంచి మామ్మ రానక్కరలేదు. ఆ సంగతి మామ్మకు నేనే చెప్పాను, వాళ్ళ పని వాళ్ళే చేసుకుంటారట, నువ్వు విశ్రాంతి తీసుకో అని. విశ్రాంతి! పొయ్యి వెలగని ఇంట్లో విశ్రాంతికి కొదవేముంది?

మర్నాడు పొద్దున్నే దొరగారు లుంగీ ఎగ్గట్టి బోరింగు దగ్గర బట్టలకు కూర్చున్నారు. ఒక్క జీన్సు ప్యాంటుకు గంట పట్టింది. సబ్బు ప్యాంటుకంటే ఆయనకే ఎక్కువ అంటింది. దొరసాని సెల్‌ఫోనుతో ఫొటోలు తీసి తమ దేశంలోని చర్చికి పంపుతోంది. వెనకాల ఊడుపులకు వెళ్ళాల్సిన ఆడవాళ్ళు బిందెలతో వరసలో నిలబడ్డారు. భార్య నైటీని ఆయన బండకేసి బాదుతుంటే పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకావిడ, వాళ్ళ దేశంలో ఏ పాపం చేస్తే ఈ శిక్ష వేశారని నన్ను అడిగింది. ఏమంటోందని దొరగారు అడిగితే, మీ వినయాన్ని మెచ్చుకుంటోంది అన్నాను. పాము చావకుండా కర్ర విరగకుండా చూడడమే నా ఉద్యోగం అనుకునేదాన్ని.

మామ్మ రోజూ తన గుమ్మంలో నిలబడి ఆ ఉతుకుడు చూసేది. ఒకరోజు ఇక చూడలేక వచ్చి, ఆయన చేతిలో చొక్కా లాక్కుని నాలుగు బాదులు బాది, పిండి, చేతికిచ్చింది. తర్వాత నావైపు తిరిగింది.

“నానేటి తప్పు సేసినానో అడుగమ్మా. సేవ సేద్దారని ఇంత దూరం వొచ్చి, ఆలకి నా పనే దొరికిందా?”

ఆయన ఆత్రంగా నా ముఖం చూశారు. ఉన్నదున్నట్టు చెబితే నొచ్చుకుంటారు, నొచ్చుకుంటే నా ఉద్యోగం ఏమవుతుందో అని భయపడ్డాను. ప్రేమతో మీకు ఉతకడం నేర్పుతోంది అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని మామ్మకు దండం పెట్టారు. దొరసాని దానికీ ఫొటో తీసింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సాయంత్రాలు వాళ్ళిద్దరికీ తెలుగు నేర్పేదాన్ని. వానలు వెనకబట్టేసరికి ఒక ఆదివారం దొరగారు లేచి తెలుగులోనే ప్రసంగించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఆరాధన అయ్యాక దొరసాని నా చేతులు పట్టుకుని, నేను నేర్పిన మాటల్లోనే చెప్పింది. ఇకనుంచి మేమే మాట్లాడుకుంటాం, మీరు విశ్రాంతి తీసుకోండి అని.

సంచి పట్టుకుని ఆటో కోసం నడుస్తుంటే మామ్మ పిలిచింది.

“ఏటమ్మా, నీ పని కూడా ఆలే సేసుకుంటారంటా?”

తలూపాను. మామ్మ నవ్వలేదు. చాప జరిపి కూర్చోమంది. టీ గ్లాసు అందించిన వేళ్ళు మళ్ళీ నల్లగా, పగిలి ఉన్నాయి. జీడిపిక్కల పనికే తిరిగి వెళ్ళిందన్నమాట. ఆ రోజు నీ మాట నేను మార్చి చెప్పాను మామ్మా, అన్నాను.

“తెల్సులే. ఉన్నదున్నట్టు సెప్పుంటే, ఆ బాబు నాకు దండమెట్టీవోడేటి?” అంది.