దూడముక్కు గుంట

మా వీధిలో అందరూ ఆమెను మిషనక్క అంటారు. కాలితో తొక్కే కుట్టుమిషన్ మీదే ఆమె జీవితం గడిచింది. మొగుడు పోయాక మేడమీద ఒక గదిలో ఒంటికాయ శొంఠికొమ్ములా ఉంటోంది. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ భుజాలూ నడుములూ టేపు పెట్టి కొలుస్తుంది. ఆమె భుజం మీద చెయ్యివేసే దిక్కు మాత్రం లేదు. ఈ సంగతి మాకెవరికీ తట్టలేదు. మా బట్టలు చెప్పిన రోజుకి అందితే చాలు మాకు.

కుడి మోకాలు పట్టేసినప్పుడు సూదుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. చైనా వైద్యమట. “సూదితో బతికినదానివి, సూదికి భయపడతావా?” అని మేం ఆటపట్టించాం.

డాక్టరమ్మ ఆమె మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, కాలు కాస్త మడిచి, చిప్ప కింద పక్కగా ఉన్న గుంటను బొటనవేలితో వెతికింది.

“ఈ చోటుని దూడముక్కు అంటారమ్మా. రెండువైపులా గుంటలు చూడండి, దూడ ముక్కులా లేదూ?” అంది. తర్వాత మెల్లగా నొక్కి, “ఇక్కడేనా నొప్పి?” అని అడిగింది.

మిషనక్కకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నొప్పికేమో అనుకుంది డాక్టరమ్మ.

కొన్నాళ్ళకి నొప్పి పోయింది. మిషనక్క వెళ్ళడం మానలేదు. “ఇంకా లాగుతోందా?” అంటే “లాగుతోందమ్మా” అనేది. అది అబద్ధమని నాతో తనే చెప్పింది.

“ఏం చెయ్యనే? వారానికోసారి ఒక మనిషి నన్ను ముట్టుకుంటోంది. అది వదులుకోలేకపోతున్నా” అంది. నవ్వబోయినదాన్ని ఆగిపోయాను.

అబద్ధం ఆడినా అతికినట్టు ఉండాలంటారు. బట్టలు అతకడంలో అంత నేర్పరికి ఇది మాత్రం చేతకాలేదు. ఒకరోజు బల్లమీద పడుకుని, ధ్యాస ఎక్కడుందో ఏమో, ఎడమ మోకాలు చూపించింది.

“అమ్మా, మనం చూస్తున్నది కుడికాలు కదూ?” అని నవ్వింది డాక్టరమ్మ.

మిషనక్క సిగ్గుతో చచ్చిపోయింది. అయినా అడిగేసింది.

“నొప్పి లేకపోయినా రావచ్చా డాక్టరమ్మా?”

“నొప్పి లేనిదానికి సూదులెందుకమ్మా? హాయిగా ఇంట్లో ఉండండి.”

బయట బెంచీ నిండా జనం ఎదురుచూస్తున్నారు. డాక్టరమ్మ మంచి మనిషే. మిషనక్క బొటనవేలు పట్టుకుని ఆ గుంటలో పెట్టి, “ఎప్పుడైనా మళ్ళీ పట్టేస్తే ఇక్కడ మీరే నొక్కుకోండి. ఇక నా అవసరమే లేదు” అని సంతోషంగా పంపేసింది.

మర్నాడు నేను బట్టలకోసం వెళ్ళేసరికి మిషనక్క పని పక్కన పడేసి, మోకాలు నొక్కుకుంటూ కూర్చుంది.

“దొరికిందా అక్కా ఆ చోటు?” అన్నాను.

“దొరికిందే. చోటు అదే. వేలే నాది” అంది.