బందరు పిల్ల, సముద్రం కబురు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నాగాయలంక దగ్గర ఒక జాలరిపల్లెలో మహిళా సంఘానికి ఎవరో స్వచ్ఛంద సంస్థవాళ్లు కంప్యూటర్ ఇచ్చారు. బందరులో ఆర్నెల్ల కోర్సు చేశానన్న అర్హతతో దాన్ని నడపడానికి నన్ను పెట్టుకున్నారు. తెల్లవారగానే ఇంటర్నెట్‌లో అలల ఎత్తు, గాలి జోరు చూసి మైకులో చదవాలి. ఆ తర్వాత ఆడవాళ్లకి కంప్యూటర్ నేర్పాలి.

నేర్పడానికి ఎవరైనా వస్తేగా! ఎండుచేపలు తిరగేసే ఆడవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి వెళ్లిపోయేవారు. బందరు వదిలి ఇంత దూరం వచ్చి ఉంటుంటే వీళ్లకి పట్టదేమిటని నాకు ఒళ్లు మండేది. చివరికి సంఘం పెద్దావిడని నిలదీశాను.

"తలుపు మీద నువ్వే కాగితం రాసి అంటించావు కదమ్మా, చేతులు శుభ్రంగా కడుక్కుని రమ్మని. మా చేతుల నీచువాసన ఎంత కడిగినా పోద్దా? మమ్మల్ని రావద్దన్నావనుకున్నాం" అందావిడ.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కాగితం అప్పుడే చించేశాను.

మర్నాడు ఒకావిడ వచ్చింది. ఐదో తరగతి దాకా చదివిందట. కూర్చోకుండానే విషయం చెప్పేసింది.

"మా ఆయన నీ మైకు మాట నమ్మడమ్మాయ్. బందరు పిల్లకి సముద్రం గురించి ఏం తెలుసంటాడు. మొన్న నువ్వు వద్దన్న రోజే వెళ్లాడు. పడవ బోర్లాపడితే దాన్నే పట్టుకుని మధ్యాహ్నం దాకా నీళ్లల్లో ఉన్నాడు. ఇంకోసారైతే బతకడు. నాకు నేర్పు, నేను చెబుతాను."

మౌసును మొదట ఎండ్రకాయని పట్టుకున్నట్టు, ఎక్కడ కరుస్తుందోనని వేళ్ల కొసలతో పట్టుకుంది. వారానికల్లా సముద్రం పేజీ తనే తెరిచేది. మీటర్ల దగ్గరే పేచీ వచ్చింది.

"అలని జాకెట్టు గుడ్డలాగా మీటర్లలో కొలుస్తారా? మావాళ్లకి నిలువుల్లో చెప్పాలి" అని నవ్వింది.

మనిషి నిలబడ్డంత ఎత్తు ఒక నిలువు. రెండున్నర మీటర్లంటే దాదాపు నిలువున్నర. ఇద్దరం కూర్చుని లెక్కలు కట్టి గోడ మీద రాసుకున్నాం. ఇన్నాళ్లూ నేను ఊరంతటికీ అర్థంకాని మాటలు మైకులో అరిచానని అప్పుడు తెలిసింది.

నెల తిరిగాక ఒక పొద్దున మైకు ఆవిడ చేతికిచ్చాను. గోడ మీది లెక్క ఒకసారి చూసుకుని చెప్పింది. "అలలు నిలువున్నర లేస్తాయంట. గాలి ఎక్కువుంది. ఎవరూ వెళ్లొద్దు."

కాసేపటికి ఆవిడ భర్త భుజాన వలతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను గబగబా లేచి, "ఇవాళ వెళ్లకండి బాబాయ్, నిజంగానే బాగాలేదు" అన్నాను.

"నిన్నడగలేదమ్మా" అన్నాడు. పెళ్లాం వైపు తిరిగి, "నిలువున్నరేనా? సరిగ్గా చూశావా?" అని అడిగాడు.

ఆవిడ మళ్లీ ఒకసారి తెర చూసి, "చూశాను" అంది.

ఆయన వల దించి అరుగు మీద కూర్చున్నాడు. నన్నెవరైనా లెక్కచేయకపోతే ఉక్రోషంతో ఉడికిపోయే మనిషిని నేను. ఆ పూట మాత్రం సంతోషంతో ఏడుపొచ్చింది.