నర్సయ్య చెవి

కిందటి వారం మా తమ్ముడి కారులో జగిత్యాల నుంచి కోరుట్ల వస్తున్నాం. గుంతలో పడ్డప్పుడల్లా నా భుజం పక్కన టక్కు టక్కుమని చప్పుడు. "తలుపే మార్చాలన్నారక్కా" అన్నాడు తమ్ముడు విసుగ్గా. నేను వెనక సీట్లో కూర్చుని, పెట్టుకోకుండా వదిలేసిన సీటు బెల్టు కొసన వేలాడుతున్న ఇనుప నాలుకను చేత్తో పట్టుకున్నాను. చప్పుడు ఆగిపోయింది. తమ్ముడు నవ్వాడు. నాకు నర్సయ్య గుర్తొచ్చాడు; మిగిలిన దారంతా ఆ ఇనుప నాలుకను పట్టుకునే కూర్చున్నాను.

నర్సయ్యది సిరిసిల్ల. మగ్గాల ఇంట్లో పుట్టి, నేతపని సాగక కోరుట్లకు వచ్చి కార్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. ఊళ్లలో అన్నలని పిలిచే నక్సలైట్లు, రోడ్ల మీద పోలీసులు తిరిగే రోజులవి. నేను అప్పుడే చిన్న దవాఖాన తెరిచిన డాక్టర్ని. పాత కారొకటి కొని నేనే నడుపుకుంటూ బీర్పూర్, బుగ్గారం వైపు కాన్పులకు వెళ్లేదాన్ని. కారులో ఏదో కొట్టుకుంటున్న చప్పుడు. తనిఖీ దగ్గర ఆపిన ప్రతిసారీ "లోపలేమున్నది?" అని సీట్లు పీకి చూసేవారు. భయం పట్టుకుని నర్సయ్య దగ్గరికి వెళ్లాను.

ఎక్కడి నుంచి వస్తోందో చెప్పబోతే ఆపేశాడు. "ఏడ అని నేను చూస్త. ఎప్పుడొస్తదో గది చెప్పున్రి డాక్టరమ్మా. బెల్టు పెట్టుకుంటె వస్తదా, ఇడిచిపెడితె వస్తదా?"

నేనెప్పుడూ గమనించలేదు. నన్ను నడపమని, తాను వెనక కూర్చుని కళ్లు మూసుకున్నాడు. బెల్టు పెట్టించి కొంతదూరం, తీయించి కొంతదూరం విన్నాడు. వదిలేసినప్పుడు ఇనుప నాలుక పక్కనున్న ప్లాస్టిక్కుకు కొట్టుకుంటోంది. పెట్టుకున్నప్పుడు కిర్రుమనేది వేరే చప్పుడు: సీటు కింద బెల్టును పట్టి ఉంచే బోల్టు వదులైంది. బోల్టు బిగించి, మురికి పట్టి లోపలికి చుట్టుకోక వేలాడుతున్న బెల్టును మొత్తం బయటికి లాగి, సబ్బునీళ్లతో తుడిచి నీడలో ఆరబెట్టాడు. నూనె వేయవచ్చు కదా అన్నాను. "వద్దమ్మా, నూనెకు దుమ్ము పట్టి ఇంకింత బిగుసుకుంటది" అన్నాడు.

ఆ "ఎప్పుడు" అనే మాటను నేను దవాఖానకు తెచ్చుకున్నాను. బీడీలు చుట్టే ఒకామె తలనొప్పి అంటూ నెలల తరబడి వచ్చేది. ఎన్ని మాత్రలిచ్చినా తగ్గలేదు. ఒకరోజు, ఎప్పుడు వస్తుందమ్మా అని అడిగాను. "పోలీసు జీపు సప్పుడైనప్పుడల్లా" అంది. కొడుకు అడవిలోకి వెళ్లి రెండేళ్లయిందట. ఆ రోజు మందు రాయలేదు. చాలాసేపు ఆమె చెప్పింది విన్నాను. చదువులో నేర్వని పని అది, నేర్పింది నర్సయ్య.

తర్వాత ఒకరోజు నర్సయ్యను పోలీసులు తీసుకుపోయారు. అతను బాగుచేసిన జీపులో అన్నలు తిరిగారని అనుమానం. ఎక్కడికి తీసుకుపోయారో వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. అయిదోరోజు మధ్యాహ్నం నా దవాఖానకు నడిపించుకొచ్చారు. వెంట మామూలు బట్టల్లో ఉన్న పోలీసు ఒకతను. నర్సయ్య ఎడమ చెవి కింద నెత్తురు ఎండి ఉంది. చెంప మీద అయిదు వేళ్లూ తేలాయి. లైటు పెట్టి చూస్తే చెవిలో పొర చినిగిపోయింది.

"సైకిల్ మీదికెళ్లి పడ్డడు. గట్లనే రాయున్రి" అన్నాడు వెంట వచ్చినతను, కుర్చీ నా బల్ల దగ్గరికి జరుపుకుంటూ.

నేను నర్సయ్య వైపు చూశాను. అతను నేల చూస్తున్నాడు. బయట బెంచీల మీద గర్భిణులు కూర్చుని ఉన్నారు. వాళ్ల కోసమే రాశానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి భయపడి రాశాను. "సైకిల్ మీద నుంచి పడటం వల్ల" అని.

వదిలేశాక నర్సయ్య సొంతూరికి వెళ్లిపోయాడు, షెడ్డు మూతపడింది. ఏడాది తర్వాత చందుర్తి మీదుగా సిరిసిల్ల వెళ్లి అతన్ని వెతికి పట్టుకున్నాను. మరమగ్గాల షెడ్డులో పనిచేస్తున్నాడు. ఆ మోతలో నా పిలుపు వినపడలేదు. భుజం తడితే తిరిగి చూశాడు. బయటికి వచ్చి చాయ్ తెప్పించాడు.

"నర్సన్నా, ఆ కాగితం..." అన్నాను.

కుడి చెవి నా వైపు తిప్పి విన్నాడు. "మీరు గట్ల రాయకుంటె మిమ్ముల సుత ఇడిచిపెట్టకపోదురమ్మా. నాకు తెల్వదా? చాయ్ తాగున్రి, సల్లారుతది" అన్నాడు.

తిట్టి ఉంటే తేలికపడేదాన్నేమో. క్షమించమని అడిగే వీలు కూడా లేకుండా ముందే క్షమించేశాడు. కాగితం సరిచేసి రాసిస్తానని ఆ పూటే అనవలసింది. చాయ్ తాగి వచ్చేశాను. మళ్లీ వెళ్దామనుకుంటుండగానే అతను పోయాడని కబురు వచ్చింది.

ఆ తర్వాత ఎవరు ఎదుట కూర్చున్నా, దెబ్బను చూసింది చూసినట్టే రాశాను. రెండుసార్లు బెదిరింపులు వచ్చాయి. రాత మారలేదు. జనం నన్ను ధైర్యస్థురాలని అంటారు. ధైర్యం అవసరమైన రోజు నేనేం రాశానో వాళ్లకు తెలియదు. నర్సయ్య సైకిల్ మీద నుంచి పడ్డాడని ఏదో ఫైల్లో ఇప్పటికీ ఉండే ఉంటుంది, కింద నా సంతకంతో.