కళ్లు మూసుకుని విన్న గిటార్

ఈ రోజు మా ఇరవై అయిదో పెళ్లిరోజు. దాచిపెట్టిన స్పార్క్లింగ్ వైన్ సీసా తెరిచి, నా పాత రాక్ రికార్డుల్లో అన్నిటికన్నా పొడవైన గిటార్ సోలో పెట్టాను. మా ఆవిడ ఎప్పటిలాగే కళ్లు మూసుకుంది. రెండో గ్లాసు అయ్యాక నవ్వుతూ నోరు విప్పింది.

"ఏమనుకోకు. నువ్వు గీ గిటార్ పెట్టినప్పుడల్లా నేను కండ్లు మూసుకొని ప్రార్థన చేస్త."

"ఏమని?"

"ప్రభువా, జర జల్దీ అయిపోవాలె అని."

పాతికేళ్లు! ఆ సంగతి దేవుడికి తెలుసు, నాకే తెలియదు. పైగా ఆ మూసిన కళ్లు చూసి, ఎంత మైమరచిపోయిందో అనుకుని, ప్రతి సోలోనూ ఆమె కోసమే రెండోసారి పెట్టేవాణ్ణి.

మీ ఇంట్లోనూ ఎవరైనా కళ్లు మూసుకుని వింటున్నారా? అయితే రెండో గ్లాసు మాత్రం పోయకండి.