గుర్రపుడెక్కలో మనిషి

కొర్రమీను దొరికితే మా బామర్ది దాన్ని సంచిలో పడేసి, ఊపిరాడక చచ్చేదాకా వదిలిపెట్టడు. కట్టమీద చదునైన రాయి వెతుక్కుంటాడు. చేప తలను తడిగుడ్డతో అదిమిపట్టి, మూరెడు చింతకొమ్మతో కళ్ళ వెనక ఒక్క దెబ్బ వేస్తాడు. తోక ఒకసారి రాతిని బలంగా కొట్టి ఆగిపోతుంది. దెబ్బ గురి తప్పి రెండోది వేయవలసి వస్తే ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడడు.

ఆయన నా భార్య తమ్ముడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నేను సర్వే శాఖలో గొలుసులు లాగించి, పటాలు గీసి రిటైరయ్యాను. వారానికొకసారి ఆయన పాత వ్యానులో తిరుపతి నుంచి బయలుదేరి, ఏర్పేడు దాటి, కొండల కింద ఉన్న ఒక చెరువుకు పోతాం. ఆయనకు గాలం, నాకు కెమెరా. ఆ చెరువులోనే ఒక ఉదయం నా ప్రాణం పోవలసింది. దాన్ని ఆపినవాడు ఈ బామర్దే. అందుకు మరొకరి చెయ్యి పోయింది.

ముందు మా పనిముట్ల గురించి చెప్పాలి. అవి లేకపోతే ఆ ఉదయం లేదు.

బామర్ది వానపాములతో చేపలు పట్టడు. ఆయనది రబ్బరు కప్ప. బొటనవేలంత ఉంటుంది, వీపుమీద రెండు కొక్కేలు పైకి తిరిగి ఉంటాయి. అందువల్ల ఆకుల్లో చిక్కుకోదు. గుర్రపుడెక్క మధ్య ఖాళీల్లోకి దాన్ని విసిరి, చిన్నచిన్న కుదుపులతో నీళ్ళమీద గెంతిస్తూ లాక్కొస్తాడు. కింద కాపు కాసిన కొర్రమీను నోరు తెరుచుకుని మీద పడుతుంది. ఆ క్షణంలో కర్రను వెనక్కి గుంజాలి. కొక్కేలను చిన్న ఆకురాయితో రోజూ సానపెట్టి, గోటిమీద గీసి చూస్తాడు. ఆ గీత పడకపోతే ఆ కొక్కెం పనికిరాదు. ఏ ఆకుమీద పడమంటే ఆ ఆకుమీద పడుతుంది ఆయన కప్ప. బస్సును ఇరుకు సందుల్లో తిప్పిన చెయ్యి కదా అని నేను అంటుండేవాణ్ణి.

నాది వేరే పిచ్చి. కట్టమీద నుంచి నీటిపక్షిని తీస్తే వీపు, నెత్తి మాత్రమే పడతాయి. దాని కన్ను, మన కన్ను ఒకే ఎత్తులో ఉంటేనే అది ప్రాణమున్న జీవిలా కనిపిస్తుంది. అందుకని ఒక లారీ ట్యూబు కొని, దానిమీద ప్లైవుడ్ చెక్క కట్టాను. చెక్కమీద ఊక నింపిన సంచి, సంచిమీద కెమెరా. ప్లాస్టిక్ పైపులు వంచి గూడులా బిగించి, పైన ఆకుపచ్చ వల పరిచాను. ఛాతీదాకా వచ్చే రబ్బరు దుస్తులు వేసుకుని, ట్యూబు మధ్యలో దూరి, నడుములోతు నీళ్ళలో బురద తొక్కుకుంటూ దాన్ని మెల్లగా తోసుకుపోవడమే.

ఇంటికి రాగానే ఆ రోజు ఏ పక్షి ఎంత దూరంలో బెదిరింది, దేనికి బెదిరింది అని డైరీలో రాసుకునేవాణ్ణి. వల అంచు గాలికి ఊగితే బెదురుతాయి. లెన్సు అద్దం ఎండకు మెరిస్తే బెదురుతాయి. ఒక్కొక్కటే సరిచేశాను. చివరికి వలంతా గుర్రపుడెక్క మొక్కలతో, వేళ్ళతో సహా కప్పేశాను. ఒకనాడు లకుముకి పిట్ట వచ్చి నా తలపైనే కూర్చుని, అక్కడి నుంచే నీళ్ళలోకి దూకి చేపను తెచ్చుకుంది. దాన్ని నా పైకప్పుకేసి బాది బాది చంపింది. ఆ దెబ్బలు నా నెత్తికి తెలిశాయి. ఇక నా గూటికి వంక పెట్టేది లేదనుకున్నాను.

"యేం బావా, పొద్దున్నించి ఆ పిట్ట ముందరే నానతాండావు. అది నీకు పిల్లనిస్తాదా?" అన్నాడు బామర్ది.

"నువ్వు రబ్బరు కప్పను నమ్ముకోనుండావు. నాది ప్రాణముండే పిట్టప్పా," అన్నాను.

తోటాల వాళ్ళు మాకు ఎదురుపడింది ఆ ఎండాకాలం మొదట్లో. కొండ వెనక కంకర క్వారీ ఉంది. అక్కడ రాళ్ళు పగలగొట్టే తోటాలు కొన్ని చేపలు చంపడానికి చెరువుల దాకా వస్తాయి. ఒకరోజు మేము పోయేసరికి నీళ్ళమీద జిలేబి చేపలు తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్నాయి. కొన్నింటికి కళ్ళు బయటికి వచ్చి వేలాడుతున్నాయి. బామర్ది ఒకదాన్ని కోసి చూస్తే లోపల పేగులన్నీ నెత్తుటి ముద్దగా ఉన్నాయి. వాటి మధ్య ఒక బుడుబుంగ పిట్ట, అదీ పొట్ట పైకే, ముక్కు నుంచి నెత్తురు కారుతూ. ఇద్దరు మనుషులు వలసంచితో పెద్ద చేపలను మాత్రం ఏరుకుంటున్నారు. చిన్నవాటిని వదిలేస్తున్నారు.

వాళ్ళలో పెద్దవాడు నలభై దాటిన మనిషి, క్వారీ పనివాడు. బామర్ది పోయి అడిగాడు. మాటా మాటా పెరిగింది.

"చెరువు మీ నాయన తవ్విచ్చినాడా?" అన్నాడతను.

"మీ నాయన తవ్వింటే నువ్వు దీంట్లో తోటా యేసుండవు," అన్నాడు బామర్ది.

అతను వెదురు కర్రతో బామర్ది మూతిమీద కొట్టాడు. బామర్ది చింతకొమ్మతో అతని మోచేతిమీద వేశాడు. నేను మధ్యలోకి పోతే రెండోవాడు నన్ను నీళ్ళలోకి తోశాడు. పెదవి పగిలి నెత్తురు కారుతున్నా బామర్ది వెనక్కి తగ్గలేదు. చివరికి వాళ్ళే సంచి ఎత్తుకుని పోయారు. పోతూ పోతూ పెద్దవాడు తిరిగి చూసి, మళ్ళా కనపడితే మమ్మల్నీ చేపలతో పాటే తేలుస్తానన్నాడు. ఆ మాట పశువులు కాసేవాళ్ళు విన్నారు. ఊరంతా తెలిసింది.

తోటా ఎక్కడపడితే అక్కడ వేయరు. ఎండ ఎక్కేకొద్దీ చేపలు నీడ వెతుక్కుంటాయి. ఒడ్డుకు కొంచెం ఎడంగా, ఒంటరిగా తేలే గుర్రపుడెక్క దుబ్బు ఉంటే దానికింద గుంపుగా చేరతాయి. అలాంటి దుబ్బును చూసి దాని పక్కన వేస్తారు. ఈ సంగతి నాకూ తెలుసు, బామర్దికీ తెలుసు. అయినా నేను ఎండపొద్దున ఒడ్డుకు ఎడంగా, ఒంటరి దుబ్బునై తేలుతూనే ఉన్నాను.

ఆ ఉదయం నా ముందు పాములాంటి మెడ ఉన్న నల్లటి నీటిపక్షి ఉంది. అది చేపను ముక్కుతో పట్టుకోదు, పొడుస్తుంది. నీళ్ళకింద మెడను విల్లులా వంచి, ఒక్కసారి వదులుతుంది. పైకి తేలినప్పుడు చేప దాని ముక్కుకు గుచ్చుకుని కొట్టుకుంటూ ఉంటుంది. దాన్ని విదిలించి గాల్లోకి ఎగరేసి, తల ముందుగా వచ్చేలా పట్టుకుని మింగుతుంది. ఆ ఎగరేసిన క్షణం కోసం నేను చాలాకాలంగా తిరుగుతున్నాను. పక్షి నీళ్ళలో మునిగింది. నేను ఊపిరి బిగపట్టి, వేలు బటన్ మీద ఉంచాను.

వెనక కట్టమీద బామర్ది అరుపులు వినిపించాయి. పెద్ద చేప పడితే ఆయన అలాగే అరుస్తాడు. నేను తల తిప్పలేదు.

కట్టమీద జరిగింది ఆయన చెప్పగా తెలిసిందే. అదే ఇద్దరు ఎప్పుడు వచ్చారో చూడలేదట. తల ఎత్తేసరికి పెద్దవాడు కట్టరాళ్ళ మీద నిలబడి, తోటా వత్తి అంటించి, నా దుబ్బు వైపు చెయ్యి వెనక్కి లాగి ఉన్నాడు.

"ఒరేయ్, ఆడ మడిసుండాడు. యెయ్యొద్దురా," అని బామర్ది రెండుసార్లు అరిచాడు. అతను తిరిగి కూడా చూడలేదు. పరుగెత్తి చేరుకునే దూరం కాదు. చేతిలో ఉన్నది గాలం ఒక్కటే.

రబ్బరు కప్ప గాల్లో పోయి అతని కుడిచేతి దండకు తగిలింది. కొర్రమీనును గుంజినట్టే బామర్ది కర్రను రెండు చేతులతో వెనక్కి గుంజాడు. రెండు కొక్కేలూ కండలో దిగాయి. చెయ్యి పక్కకు లాగుకుపోయింది. తోటా జారి అతని కాళ్ళ దగ్గరే రాళ్ళ సందులో పడింది. రెండోవాడు దూకి పరుగెత్తాడు. పెద్దవాడు పరుగెత్తలేదు. వంగి, దాన్ని నీళ్ళలోకి తోసేయాలని సందులో చెయ్యి పెట్టాడు.

నాకు మొదట పొట్టలో ఎవరో గునపంతో కుమ్మినట్టయింది. తర్వాత చప్పుడు. గూడు ఒరిగి, కెమెరా నీళ్ళలో మునిగింది. చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. వల చింపుకుని బయటికి వచ్చేసరికి నీళ్ళమీద రాతి పెచ్చులు పడుతున్నాయి. పక్షి లేదు. కట్టమీద బామర్ది నిలబడి ఉన్నాడు, ఆయన గాలం దారం ఇంకా ఆ పెద్దవాడి చేతికి తగులుకునే ఉంది. అతను రాళ్ళకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మణికట్టు కింద ఏమీ లేదు. రెండు తెల్లటి ఎముకలు, వాటి చుట్టూ పీలికలు. నెత్తురు చిమ్మి చిమ్మి రాతిమీద పడుతోంది. ముఖంలో, ఛాతీలో రాతి ముక్కలు దిగి ఉన్నాయి.

మునిగిన కెమెరాకు కట్టిన వెడల్పాటి పట్టీని విప్పాను. దాన్ని అతని మోచేతికి పైన చుట్టి, బామర్ది చింతకొమ్మ దూర్చి, నెత్తురు ఆగేదాకా మెలితిప్పాను. అతను కేకపెట్టి నన్ను ఎడమచేత్తో గుద్దాడు. బామర్ది దారాన్ని పళ్ళతో కొరికి తెంపాడు. కొక్కేలు అలాగే ఉంచి, ఇద్దరం మోసుకుపోయి వ్యానులో పడుకోబెట్టాం. అంబులెన్సు కోసం ఆగకుండా బామర్ది బండి లాగించాడు. అతని తల నా ఒళ్ళో ఉంది. నా బట్టల్లోని చెరువు నీళ్ళు, అతని నెత్తురు కలిసి సీటు కిందికి కారాయి.

"నా చెయ్యి యాడన్నా?" అన్నాడు.

బామర్ది వెనక్కి తిరగకుండా గట్టిగా అరిచి చెప్పాడు. "రాళ్ళ మింద ఉండాది. నువ్వు సంపబోయిన మడిసే నీకు కట్టు కట్టినాడు, సూసుకో."

అతను నా ముఖంలోకి చూశాడు. "యే మడిసి?" అన్నాడు. అంతలో స్పృహ తప్పింది.

అతను బతికాడు. పోలీసులు తోటాల గురించి అతనిమీద కేసు పెట్టారు. నా మీద కావాలనే వేశాడని బామర్ది వాంగ్మూలం ఇచ్చాడు. ముందటి గొడవ, పశువులు కాసేవాళ్ళు విన్న బెదిరింపు, రెండుసార్లు అరిచినా ఆగకపోవడం, అన్నీ అటే చూపించాయి. నన్ను అడిగితే నేను అటు తిరిగి ఉన్నానని, చూడలేదని చెప్పాను. బామర్ది నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఒక మనిషి చెయ్యి తెగ్గొట్టినవాడికి, ఆ మనిషి హంతకుడని నమ్మడం అవసరమని నాకు తర్వాత అర్థమైంది.

నేను గూడు బాగుచేసుకుని, దానిమీద నారింజ రంగు గుడ్డ కట్టాను. పక్షులు ఇప్పుడు దూరంగానే లేచిపోతాయి. బామర్ది కప్పకు పాత కొక్కేలే ఉన్నాయి, కానీ సానపెట్టడం తగ్గించాడు.

వానలు పడి చెరువు నిండాక ఒక ఉదయం అతను కట్టమీదికి వచ్చాడు. బెయిలు మీద ఉన్నాడు. చొక్కా కుడిచెయ్యి మడిచి పిన్ను పెట్టి ఉంది. బామర్ది గాలం కిందపెట్టి చింతకొమ్మ అందుకున్నాడు. అతను దాన్ని చూసీ ఆగలేదు, నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఏం కావాలని అడిగాను. అతనికి వినిపించలేదు, చెవి దగ్గరగా పెట్టాడు. క్వారీలో పేలుళ్ళకు చెవులు ఎప్పుడో పోయాయని, ఆ చెయ్యి పోయిన రోజు మిగిలింది కూడా పోయిందని చెప్పాడు.

"ఆ పొద్దు నువ్వు యాడుండావో సూపీయి సార్," అన్నాడు. "ఊర్లో అందరూ నేను తెలిసే యేసినానంటాండారు. నా పెండ్లాము గూడా అదే అంటాండాది. మీ మింద కోపమైతే ఉన్నింది. సూస్తినో లేదో ఇప్పుడు నాకే తెలీడం లేదు."

బామర్ది పోవద్దన్నాడు. నేను నారింజ గుడ్డ విప్పేసి, గూటిమీద పచ్చటి గుర్రపుడెక్క తెచ్చి పరిచి, నీళ్ళలోకి దిగాను. ఆ రోజు అతను నిలబడిన రాయిమీదే నిలబడమన్నాను. ముఖం అటు తిప్పుకోమన్నాను. మెల్లగా తోసుకుంటూ అప్పుడున్న చోటికి, విడివిడిగా తేలుతున్న మిగతా దుబ్బుల మధ్యకు పోయి ఆగాను. చూడమని బామర్ది అతని భుజం తట్టాడు.

వలలోని చీలిక గుండా అతను నాకు బాగా కనిపిస్తున్నాడు. ఎడమచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఒక్కో దుబ్బునూ చూశాడు. నా మీదికి వచ్చిన చూపు ఆగకుండా పక్కకు పోయింది. తర్వాత వంగి రాళ్ళు ఏరుకున్నాడు. బామర్ది చింతకొమ్మ ఎత్తి ఒక అడుగు ముందుకు వేశాడు. నేను కదల్లేదు.

ఎడమచేతి విసురు, బలం లేదు. మొదటి రాయి నాకు కుడివైపు దూరంగా ఒక దుబ్బుమీద పడింది. నీటికోళ్ళు అరుస్తూ లేచిపోయాయి. అందులో మనిషి లేడని తేలాక అతను రెండోది ఇంకో దుబ్బుమీద వేశాడు, కోపంగా, పళ్ళు బిగించి. మూడోది ఇంకా దూరం పోయింది. నేను వల పైకెత్తి నిలబడ్డాను. అతను అప్పటికీ అటువైపే చూస్తున్నాడు.

బామర్ది చింతకొమ్మ దించాడు. అతని భుజం పట్టుకుని నా వైపు తిప్పాడు. అతను చూశాడు. రాళ్ళమీద కూర్చుండిపోయాడు. అతని గుప్పిట్లో ఇంకో రాయి మిగిలి ఉంది. బామర్ది పక్కన గొంతుక్కూర్చుని, ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పి రాయిని తీసి కిందపెట్టాడు. నేను ఒడ్డు వైపు నడవడం మొదలుపెట్టాను.