పన్నెండో జత కాళ్ళు

పోయిన వారం మా బడి పూర్వ విద్యార్థుల గ్రూపులో ఎవరో ఒక పాత ఫొటో పెట్టారు. వేదిక మీద పన్నెండు కుర్చీలు, వాటిలో పన్నెండుమంది బీదవాళ్ళు, వాళ్ళ ముందు ఇత్తడి పళ్ళెం పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని, కడగాల్సిన కాళ్ళ వైపు కాక కెమెరా వైపు చూసి నవ్వుతున్న మా పెదనాన్న. ఆ కింద దండాల బొమ్మలు వరసగా పడుతున్నాయి. ఆ రోజుల్లో మనుషులకు ఎంత వినయం ఉండేదోనని ఒకరు, అలాంటి బడులు ఇప్పుడెక్కడున్నాయని ఇంకొకరు. చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ వినయం ఎలా తయారైందో దగ్గరుండి చూసినదాన్ని. చూడటమేమిటి, తయారుచేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

తొంభైల నడుమ, నరసాపురం దాటాక సముద్రానికి దగ్గర్లో ఉన్న ఆ కాన్వెంటు ప్రాథమిక బడిలో టీచరుగా చేరాను. మాది హిందువుల ఇల్లు, వ్యవసాయ కుటుంబం. ఆ ఉద్యోగం నా డిగ్రీ చూసి రాలేదు, బడికి సీలింగు ఫ్యాన్లు వేయించిన రైసుమిల్లు యజమాని మా పెదనాన్న కనక వచ్చింది. విభూది బుధవారం మొదలు ఈస్టరు దాకా తపస్కాలం, ఆ రోజుల్లో ప్రతి శుక్రవారం పిల్లలంతా ఇంటినుంచి పిడికెడు బియ్యం తెచ్చి తరగతి డబ్బాలో పోయాలి, చివర్లో వాటిని బీదవాళ్ళకు పంచాలి. ఆచారం మంచిదే, మనుషులే దానికి తగినవాళ్ళు కారు. గాదెలు నిండా ధాన్యం ఉన్న ఇళ్ళనుంచి నూకలూ పురుగు పట్టిన కోటా బియ్యమూ వచ్చేవి, కోళ్ళకు వేయబోతూ దేవుడు గుర్తొచ్చి మాకు పంపినట్టు. చేపలు పట్టుకు బతికే ఇళ్ళ పిల్లలు మాత్రం ఆ పూట వండుకునే బియ్యంలోంచే తెచ్చేవారు. మా రెండో తరగతిలో తాత దగ్గర పెరిగే ఒక పిల్ల ఉండేది. ఇంటి దగ్గర మూసిన పిడికిలి బడిలో డబ్బా మీదే విప్పేది, గింజలు చెమటకు అరచేతికి అంటుకుని ఉంటే ఒక్కొక్కటే రాల్చేది.

ఈస్టరు సెలవులకు ముందు బడిలో కాళ్ళు కడిగే వేడుక. ఏసుప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా చర్చిలో ఫాదరుగారు చేసేదే. బడిలో మాత్రం ఆ ఏడు మా హెడ్మిస్ట్రెస్ సిస్టరుగారు ఆ గౌరవాన్ని ముఖ్య అతిథికి, అంటే మా పెదనాన్నకు కట్టబెట్టారు. ఫ్యాన్లు అయిపోయాయి, ఇక ఆవిడ దృష్టి ప్రహరీ గోడ మీద ఉంది. ఎంపిక చేసిన పన్నెండుమంది బీదవాళ్ళలో ఆ పిల్ల తాత ఒకడు. మిల్లు ఆయన మా తాత కాళ్ళు కడుగుతారని ఆ పిల్ల వారం రోజులు తరగతిలో ఒక్కరినీ వదలకుండా చెప్పుకుంది.

కడగబోయే కాళ్ళు మురికిగా ఉంటే అతిథిగారికి ఇబ్బంది కదా, అందుకని వాటిని ముందే కడిగి ఉంచే పని నాకు అప్పగించారు. నవ్వకండి. పొద్దున్నే బోరింగు పంపు దగ్గర కొబ్బరి పీచూ బట్టల సబ్బూ పెట్టుకుని పన్నెండు జతల కాళ్ళు తోమాను. ఆ తాత కుడికాలి బొటనవేలికి జెల్ల చేప ముల్లు గుచ్చుకుని పుండు పడితే పసుపు రాసి గుడ్డ కట్టుకొచ్చాడు.

"ఇంటికాడ కడుక్కునే వచ్చానండి టీచరుగారూ, మీరు ముట్టుకోకండి," అన్నాడు.

గుడ్డ విప్పి, కడిగి, మళ్ళీ కట్టాను. జాలితో చేశాననుకునేరు. ఊపిరి బిగబట్టుకుని చేశాను, తర్వాత నా చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్దుకున్నాను.

పెదనాన్న కారు దిగి, సంతలో పశువుల్ని చూసినట్టు ఆ వరసంతా చూసి, కట్టు దగ్గర ఆగి నన్ను పక్కకు పిలిచాడు. "ఆ పుండుకాలు నేను ముట్టుకోను అమ్మాయ్. ఫొటోలో కూడా బాగోదు, పంపించెయ్." సిస్టరుగారి వైపు చూశాను, ఆవిడ తన జపమాల వైపు చూసుకున్నారు. ఎదురు చెప్తే ఉద్యోగం ఊడుతుందని నాకు భయం. తాతను గేటుదాకా తీసుకెళ్ళి, మనుషులు ఎక్కువయ్యారు, వచ్చే ఏడు తప్పకుండా పిలుస్తామని అబద్ధం చెప్పాను.

"దానికేముందండి. పిల్లకి మాత్రం చెప్పకండి," అన్నాడాయన.

చిన్న తరగతులవాళ్ళు ఎండకు తాళలేరని గదుల్లోనే కూర్చోబెట్టాం, కనక ఆ పిల్ల ఏమీ చూడలేదు. కుర్చీ ఖాళీగా ఉంటే బాగోదని మా బడి వాచ్‌మన్ చేత చొక్కా విప్పించి, భుజాన తువ్వాలు వేసి కూర్చోబెట్టారు. మనిషిని బీదవాణ్ణి చేయడం అంత తేలికని నాకు అప్పటిదాకా తెలియదు. పెదనాన్న ఉంగరాలు తడవకుండా రెండు వేళ్ళతో నీళ్ళు చిలకరించి, ఆ రెండు వేళ్ళూ రుమాలుతో తుడుచుకున్నాడు. పిల్లలు తెచ్చిన బియ్యాన్నే ఆయన మిల్లు పేరున్న సంచుల్లో పోసి ఆయన చేత్తో పంచారు. పన్నెండో సంచి వాచ్‌మన్ సైకిలు వెనక కట్టుకుపోయాడు. కాసిని బియ్యమైనా ఆ తాత ఇంటికి పట్టుకెళ్దామని నాకు తోచలేదంటే అబద్ధం. తోచింది, ఎవరైనా చూసి పెదనాన్నకు చెప్తారని మానేశాను.

ఆ పిల్ల ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. నిన్న పొద్దున్న గ్రూపులో కాకుండా విడిగా నాకు రాసింది. "టీచర్, మీ టీచరుగారు నా కాళ్ళు కడిగారమ్మా అని మా తాత పోయేదాకా చెప్పేవాడండి. మా పిల్లలకి చూపిద్దామని వెతికితే ఈ ఫొటోలో మా తాతా లేడు, మీరూ లేరు. ఇది వేరే ఏడాదిదా అండి?"

ఆ ఫొటో మళ్ళీ తెరిచి చూశాను. అప్పట్లో ఇంత వేడుకకూ ఒక్క ఫొటో, అదీ నరసాపురం నుంచి మనిషి వచ్చి తీయాలి, ఇప్పుడు ఆస్పత్రిలో ఒక అరటిపండు పంచినా పది ఫొటోలు పడుతున్నాయి. మారింది ఆ ఒక్కటే అనిపిస్తుంది. ఆ బోరింగు పంపు కూడా ఎప్పుడో పీకేశారట. ఆ ముసలాయన కాళ్ళు ఇంకొక్కసారి నా ముందుకు వస్తే ఊపిరి బిగబట్టకుండా కడగాలని ఉంది.

అవునమ్మా, వేరే ఏడాదిది అని రాశాను, గేటు దగ్గర చెప్పిన అబద్ధమంత తేలిగ్గా వచ్చింది. పంపకుండా చెరిపేశాను. "అదే ఏడాదమ్మా. మీ తాతను గేటు దగ్గర్నుంచి పంపేసింది నేనే," అని రాసి పంపాను.

చదివినట్టు నీలం గీతలు పడ్డాయి. గ్రూపులో మాత్రం పెదనాన్నకు దండాలు పడుతూనే ఉన్నాయి.