కొవ్వొత్తి ముందు ‘ప’

ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లో గది తీసుకున్న ప్రతివాడికీ సర్కారు ఉద్యోగం మీద ఎంత ఆశో, పోలీసు కేసంటే అంత భయం. పేరు మీద ఒక్క కేసున్నా, పరీక్ష పాసైనా ఉద్యోగం రాదని అందరి నమ్మకం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపులో ఉంది, రోజూ ఎక్కడో ఒకచోట కొవ్వొత్తుల ర్యాలీ. నేను పగలు పోటీ పరీక్షలకు చదువుకుంటూ, సాయంత్రం నారాయణగూడలో ఒక మేడ మీద స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాణ్ణి (నాకే సరిగా రాదన్న సంగతి ఇంకా బయటపడలేదు).

ఒకనాడు హల్లుల పాఠం. మన పరుషాలు, సరళాల్లాగే ఇంగ్లీషులోనూ గట్టిగా పలికేవి, మెత్తగా పలికేవి ఉన్నాయి. ‘పెన్’ అంటే గాలి తన్నుకొచ్చి ఎదుటి మంట ఆరాలి, ‘బెన్’ అంటే కదలకూడదు. పుస్తకంలో ఇది చదివిన హుషారులో తలా ఒక కొవ్వొత్తి ఇచ్చి, ఫ్యాన్లు, లైట్లు ఆపించి, అందరినీ కిటికీల పక్కన వరసగా నిలబెట్టి ‘పెన్, పెన్’ అని గొంతెత్తి అనిపించాను. వీధిలోంచి చూసేవాడికి అదేమిటనిపిస్తుందో నా బుర్రకు తట్టలేదు. తలుపు తోసుకుని ఎస్సై లోపలికొచ్చేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి.

“ర్యాలీకి పర్మిషన్ ఉన్నదా?”

“ర్యాలీ కాదు సార్, క్లాసు. గట్టి హల్లు పలికితె మంట ఆరుతది, అదే చూపిస్తున్న.”

“ఏదీ, ఆర్పు. ఆరకుంటె అందర్ని బండెక్కిస్త.”

కొవ్వొత్తి నోటి దగ్గర పెట్టుకుని ‘పెన్’ అన్నాను. మంట నిటారుగా నిలబడింది. మళ్లీ అన్నాను. ఊళ్లో పుట్టి పెరిగిన ‘ప’ అది, దానికి గాలెక్కడిది? పక్కనున్న అమ్మాయి ఏడుపందుకుంది: “కేసైతే మా నాయన సంపుతడు సార్.” వెనకనుంచి ఒకడు, “జర ఊదున్రి సార్,” అని గొణిగాడు.

“ఊదితె నేను గూడ ఆర్పుత,” అన్నాడు ఎస్సై. నేను పిచ్చివాణ్ణో, అబద్ధాలకోరునో తేల్చుకోవడానికన్నట్టు దగ్గరికొచ్చి, నా ముఖంలో ముఖం పెట్టి చూసి, విసుగొచ్చి, “పోండ్రి ఇండ్లకు” అన్నాడు.

నా చేతిలో మంట ఠక్కున ఆరిపోయింది.

ఎస్సై పొగ వంక ఒకసారి చూసి, మెట్లు దిగిపోయాడు.

ఇప్పుడు సర్కారు కాలేజీలో ఇంగ్లీషు పంతులిని. ఆ పాఠం రోజున పిల్లలకు కొవ్వొత్తులకు బదులు కాగితం ముక్కలిస్తాను. “మీరు పలకండి సార్” అంటే మాత్రం చాక్‌పీసు వెతుక్కుంటాను. ఆ ఎస్సై అన్నంత గట్టి ‘ప’ నాకు ఇప్పటికీ రాలేదు.